పాత 401కె డబ్బు ఐఆర్ఏలోకి మార్చాలా? ముందు మీ బ్యాక్‌డోర్ రాత్ సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డాలస్ దగ్గర ఉంటున్నారు, హెచ్1బీ, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది, ఇప్పుడున్నది మూడో కంపెనీ. మొదటి కంపెనీ 401కెలో (కంపెనీ ద్వారా నడిచే రిటైర్‌మెంట్ ఖాతా) 6,200 డాలర్లు, రెండో దాంట్లో 1,15,000 ఉన్నాయి, ఆ రెండో దాంట్లో 22,000 రాత్ (పన్ను ముందే కట్టి వేసే రకం, నిబంధనల ప్రకారం తీస్తే మళ్లీ పన్ను ఉండదు). రెండూ తెచ్చి ఒక ఐఆర్ఏలో (మనమే సొంతంగా తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతా) వేసుకుని, సొంతంగా ఇండెక్స్ ఫండ్లలో పెట్టుకుందామని మీ ఆలోచన. చెక్కు ఇంటికే పంపిస్తామని ప్లాన్ వాళ్లు చెప్పారు, అలా అయితే 20 శాతం కోత పడుతుందని స్నేహితుడు భయపెట్టాడు, మధ్యలో తెలిసినాయన ఒకరు ఆన్యుటీ (బీమా కంపెనీ అమ్మే పెన్షన్ పథకం) తీసుకోమంటున్నారు, నాలుగైదేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోయే ఉద్దేశం కూడా ఉంది. ఇవన్నీ రాసి చివర్లో ఒక్క ముక్క అలా పడేశారు, 2021 నుంచి ఏటా బ్యాక్‌డోర్ రాత్ చేస్తున్నామని. నేను చెప్పబోయేది చాలావరకు ఆ ఒక్క ముక్క మీదే ఉంది, కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను.

బ్యాక్‌డోర్ చేస్తున్నారంటే మీ ఇంటి ఆదాయం నేరుగా రాత్ ఐఆర్ఏలో వేసే పరిమితి దాటిపోయిందన్నమాట (భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2025కి 2,46,000 డాలర్లు దాటితే తలుపు మూసినట్టే). అందుకే ట్రెడిషనల్ ఐఆర్ఏలో (తీసేటప్పుడు పన్ను పడే మామూలు రకం) పన్ను కట్టేసిన 7,000 వేసి, వెంటనే రాత్‌లోకి మార్చేస్తున్నారు. ఇప్పటిదాకా దీనికి పన్ను దాదాపు సున్నా ఎందుకు పడుతోందంటే, మీ పేరు మీద ఇంకే ట్రెడిషనల్ ఐఆర్ఏ లేదు కాబట్టి. రేపు ఆ పాత 401కెలోని 93,000 ప్రీ-టాక్స్ (ఇంకా పన్ను కట్టని) డబ్బు తెచ్చి ఐఆర్ఏలో పెట్టారనుకోండి, పరిస్థితి మొత్తం మారిపోతుంది. ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) మీ ట్రెడిషనల్ ఐఆర్ఏలన్నిటినీ ఒకే కుండగా చూస్తుంది, వేర్వేరు బ్రోకరేజీల్లో ఉన్నా సరే, "రోల్‌ఓవర్ ఐఆర్ఏ" అని విడిగా పేరు పెట్టుకున్నా సరే. పాలల్లో నీళ్లు కలిపాక నీళ్లు మాత్రమే వంపుకుంటానంటే కుదరదు కదా, అలాగే పన్ను కట్టిన 7,000 మాత్రమే మార్చాను అనడానికి వీల్లేదు.

లెక్క వేసి చూడండి. 93,000 ప్రీ-టాక్స్, 7,000 ఆఫ్టర్-టాక్స్, కలిపి లక్ష. పన్ను కట్టిన భాగం 7 శాతం. మీరు 7,000 రాత్‌లోకి మారిస్తే అందులో 490 డాలర్లకే పన్ను ఉండదు, మిగతా 6,510 మీ ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. 24 శాతం స్లాబులో ఉంటే సుమారు 1,560 డాలర్లు అనవసరంగా కట్టినట్టు. మీరు వేసిన 7,000లో ఇంకా వాడుకోని 6,510 బేసిస్ (ఇప్పటికే పన్ను కట్టిన భాగం) పూర్తిగా పోదు లెండి, ఆ లెక్క చూపే 8606 ఫారంలో ముందుకు వెళ్తూ ఉంటుంది, కానీ దాన్ని ఏళ్ల తరబడి మోయాలి, సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా, సీపీఏ (అమెరికా అకౌంటెంట్) మారినప్పుడల్లా ఆ అంకె ఎక్కడో జారిపోతుంది. ఇంకో ఉచ్చు ఏంటంటే, ఈ లెక్కకి చూసేది డిసెంబర్ 31న ఉన్న బ్యాలెన్స్. మార్చిలో శుభ్రంగా బ్యాక్‌డోర్ చేసేసి, అక్టోబర్‌లో 401కెని ఐఆర్ఏలోకి తెచ్చినా, ఆ మార్చి కన్వర్షన్ కూడా చెడిపోతుంది. చాలామంది ఇది ఏప్రిల్‌లో ఫైలింగ్ టైమ్‌కి గానీ కనిపెట్టరు. ఈ లెక్క మనిషి మనిషికీ వేరు, భార్యాభర్తలది కలపరు, కాబట్టి మీ ఆవిడ ఐఆర్ఏ దేనికీ అడ్డు కాదు, ఆవిడ బ్యాక్‌డోర్‌కి మీది అడ్డు కాదు.

అందుకని మీ విషయంలో నా సలహా సూటిగా: ప్రీ-టాక్స్ డబ్బుని ఐఆర్ఏలోకి తేవద్దు. ఇప్పుడున్న కంపెనీ 401కెలోకి మార్చండి. బయటి ప్లాన్ డబ్బు తీసుకుంటారా అని హెచ్ఆర్‌ని కాదు, ప్లాన్ నడిపే సంస్థని అడగండి, చాలా ప్లాన్లు తీసుకుంటాయి. రాత్ 22,000 మాత్రం మీరు కోరుకున్నట్టే రాత్ ఐఆర్ఏలోకి తెచ్చుకుని సొంతంగా చూసుకోండి, దానికి పైన చెప్పిన ప్రో-రాటా (అన్నీ కలిపి నిష్పత్తిలో పన్ను వేసే) గొడవ ఏమీ లేదు. ఐదేళ్ల నిబంధన (రాత్‌లో పెరిగింది పన్ను లేకుండా తీయాలంటే ఐదేళ్లు నిండాలన్నది) గురించి కూడా టెన్షన్ వద్దు. రాత్ 401కెలో ఉన్న ఏళ్లు రాత్ ఐఆర్ఏకి లెక్కలోకి రావు గానీ, మీకు 2021 నుంచి రాత్ ఐఆర్ఏ ఉంది కాబట్టి ఆ గడియారం అప్పుడే మొదలైంది. రాత్ ఐఆర్ఏ అసలే లేనివాళ్లు ఇది చదువుతుంటే, చిన్న మొత్తంతోనైనా ఒకటి తెరిచి పెట్టుకోండి.

సరే, అసలు మార్చడమే ఎందుకు అనే ప్రశ్న మీరు వేసుకోలేదు. ఏడు వేలు దాటిన బ్యాలెన్స్‌ని పాత కంపెనీ మిమ్మల్ని అడక్కుండా బయటికి నెట్టలేదు, కాబట్టి ఆ 1,15,000 ఉన్నచోటే ఉంచుకోవడం కూడా ఒక దారే. పాత ప్లాన్‌లో ఎస్ అండ్ పీ 500 ఫండు 0.02, 0.03 శాతం ఖర్చుతో దొరుకుతుంటే కంగారేమీ లేదు. పెద్ద కంపెనీల ప్లాన్లలో కొన్నిసార్లు బయట మనకి దొరకని చవక ఫండ్లు ఉంటాయి, స్టేబుల్ వ్యాల్యూ ఫండ్ (అసలు పడకుండా వడ్డీలా పెరిగే రకం) లాంటిది ఐఆర్ఏలో దొరకదు. చూడాల్సింది మీ క్వార్టర్లీ స్టేట్‌మెంట్ చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఉండే రికార్డ్‌కీపింగ్ ఫీజు. ఉద్యోగంలో ఉన్నంతకాలం కంపెనీ కట్టి, మానేశాక మన ఖాతాలోంచి కోసే ప్లాన్లు ఉన్నాయి. చిన్న కన్సల్టింగ్ కంపెనీల ప్లాన్లయితే మరీ చూడాలి, ప్రతి ఫండుకీ 0.8, 1 శాతం ఖర్చు, పైన ఇంకో అడ్మిన్ ఫీజు. 1,15,000 మీద ఒక శాతం అంటే ఏటా 1,150 డాలర్లు, ఎవరికీ కనపడకుండా పోతుంది. అలాంటి ప్లాన్ నుంచి మాత్రం బయటపడాల్సిందే.

కొత్త కంపెనీ ప్లాన్ కూడా చెత్తగా ఉంటే? అప్పుడు నిజంగా తూకం వేయాలి, బ్యాక్‌డోర్ వల్ల వచ్చే లాభం ఎక్కువా, ఫీజు మిగులు ఎక్కువా అని. బ్యాక్‌డోర్ చేయనివాళ్లకి, చేయాల్సినంత ఆదాయం లేనివాళ్లకి ఈ తలనొప్పే లేదు, వాళ్లకి ఐఆర్ఏ హాయి. ఒకవేళ ఇప్పటికే పొరపాటున ఐఆర్ఏలో వేసేసుకున్నవాళ్లుంటే, ప్రీ-టాక్స్ భాగాన్ని తిరిగి 401కెలోకి పంపే అవకాశం ఉంది, ప్లాన్ ఒప్పుకోవాలి, డిసెంబర్ 31 లోపు ముగియాలి.

ఆ 6,200 గురించి మీరు పెద్దగా పట్టించుకోలేదు. నేనైతే ముందు దాన్నే కదుపుతాను. 1,000 నుంచి 7,000 డాలర్ల మధ్య ఉన్న పాత ఖాతాలను ప్లాన్ వాళ్లు మన అనుమతి లేకుండానే, వాళ్లు ఎంచుకున్న చోట, మన పేరు మీద ఐఆర్ఏ తెరిచి అందులోకి తోసేయొచ్చు (2024కి ముందు ఈ హద్దు 5,000 ఉండేది). నోటీసు పాత అపార్ట్‌మెంట్ అడ్రస్‌కి పోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. అక్కడ ఆ డబ్బు దాదాపు నగదులాగే పడి ఉంటుంది, పైన ఫీజులు. ఇంకా ఘోరం, అది కూడా ట్రెడిషనల్ ఐఆర్ఏనే కాబట్టి మీకు తెలియకుండానే మీ 8606 తప్పయిపోతుంది. ముందు లాగిన్ అయి డబ్బు అక్కడే ఉందో లేదో చూడండి. లేకపోతే అమెరికా కార్మిక శాఖ 2024 డిసెంబర్‌లో రిటైర్‌మెంట్ సేవింగ్స్ లాస్ట్ అండ్ ఫౌండ్ అని ఒక వెతుకులాట సైటు పెట్టింది, అందులో మీ సోషల్ సెక్యూరిటీ నంబర్‌తో వెతకొచ్చు. మొదటి కంపెనీలో ఎన్నాళ్లు చేశారో రాయలేదు, కంపెనీ మ్యాచింగ్ (మనం వేసినదానికి తోడుగా కంపెనీ వేసేది) వెస్ట్ కాకుండా, అంటే పూర్తిగా మన సొంతం కాకుండా మానేసి ఉంటే ఆ భాగం ఎప్పుడో వెనక్కి పోయి ఉంటుంది, స్టేట్‌మెంట్‌లో "వెస్టెడ్ బ్యాలెన్స్" అన్న అంకెనే నమ్మండి.

ఇప్పుడు చెక్కు సంగతి. మీ స్నేహితుడు చెప్పింది తప్పు కాదు, కానీ మీ కేసుకి కాదు. చెక్కు ఎవరింటికి వస్తోందన్నది కాదు, ఎవరి పేరు మీద రాశారన్నది ముఖ్యం. కొత్త సంస్థ పేరు రాసి, ఆ తర్వాత "ఎఫ్‌బీఓ" (ఫలానావారి కోసం) అని, ఆ పక్కన మీ పేరు ఉంటే అది డైరెక్ట్ రోల్‌ఓవర్. పోస్టులో మీ చేతికే వచ్చినా, వంటగదిలో కౌంటర్ మీద రెండ్రోజులు పడి ఉన్నా పైసా కోత లేదు. మీరు దాన్ని నగదుగా మార్చుకోలేరు, కొత్త సంస్థకి పంపించడమే, కొన్ని చోట్ల యాప్‌లో ఫొటో తీసి కూడా వేసేయొచ్చు. చెక్కు మీద పేరు నేరుగా మీదే ఉంటే మాత్రం స్నేహితుడు చెప్పిందంతా నిజం. 60,000 అడిగితే 20 శాతం ఐఆర్ఎస్‌కి పోయి 48,000 వస్తుంది. అరవై రోజుల్లో పూర్తి 60,000 కొత్త ఖాతాలో వేయాలి, అంటే ఆ తగ్గిన 12,000 మీ జేబులోంచి పెట్టాలి, అది మళ్లీ రిఫండ్‌గా వచ్చేది మరుసటి ఏడాది. పెట్టలేకపోతే ఆ 12,000 ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది, 59న్నర ఏళ్లు నిండకపోతే పైన 10 శాతం పెనాల్టీ. కాబట్టి ఫోన్‌లో వాళ్లు ఎన్ని ఆప్షన్లు చదివినా మీ నోటి నుంచి "డైరెక్ట్ రోల్‌ఓవర్" తప్ప ఇంకో మాట రాకూడదు. "క్యాష్ అవుట్", "విత్‌డ్రా" అనే మాటలు అసలు వాడొద్దు, అవతలి వాళ్లు ఆ బటనే నొక్కేస్తారు.

వరుస ఏంటంటే, ముందు చేరాల్సిన ఖాతా సిద్ధంగా ఉండాలి, దాని నంబర్ చేతిలో ఉండాలి, చెక్కు మీద ఎలా రాయాలో ఆ కొత్త సంస్థనే అడిగి అక్షరం పొల్లు పోకుండా రాసుకోవాలి. కొత్త ప్లాన్ నుంచి అంగీకార పత్రం కావాలంటారు కొందరు. ఆ తర్వాతే పాత ప్లాన్‌కి ఫోన్. ప్రీ-టాక్స్‌కి ఒక చెక్కు, రాత్‌కి ఒక చెక్కు, రెండూ విడివిడిగా అని గట్టిగా చెప్పండి. రాత్‌లో మీరు వేసిన అసలు ఎంత, పెరిగింది ఎంత అని కాగితం మీద తీసుకోండి, తర్వాత 1099-ఆర్‌లో (ఖాతా నుంచి డబ్బు బయటికి వెళ్లినట్టు ప్లాన్ ఇచ్చే పన్ను ఫారం) బాక్స్ 5తో సరిచూసుకోవచ్చు. పాత 401కె మీద లోన్ ఏదైనా ఉంటే అది ముందు తేల్చుకోవాలి. ఈ మధ్యే ఇల్లు మారి ఉంటే అడ్రస్ ముందే మార్చండి, కొన్ని ప్లాన్లు అడ్రస్ మార్చిన కొత్తలో డబ్బు బయటికి పంపడం కొన్నాళ్లు ఆపేస్తాయి.

మనవాళ్లకి మాత్రమే వచ్చే ఇంకో చిక్కుంది, పేరు. పాత కంపెనీ పేరోల్‌లో ఫస్ట్ నేమ్ "వెంకట", మిగతా "సత్యనారాయణ" మిడిల్ నేమ్‌లోకో గాల్లోకో పోయి ఉంటుంది, బ్రోకరేజీలో పాస్‌పోర్టు ప్రకారం మొత్తం ఒకే పేరుగా ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో పేరు మారిన ఆడవాళ్లకి ఇంకా ఇబ్బంది. చెక్కు మీది పేరు ఖాతా పేరుతో కలవకపోతే వెనక్కి తిప్పుతారు, మళ్లీ రెండు మూడు వారాలు. రెండు చోట్లా లాగిన్ అయి ప్రొఫైల్ పేజీలో పేరు పక్కపక్కన పెట్టి చూసుకోండి, ముందుగా సోషల్ సెక్యూరిటీ కార్డులో ఉన్నట్టు రెండిటినీ సరిచేయించండి.

డబ్బు చేరిందని మెయిల్ వచ్చాక పని అయిపోయిందనుకుంటారు, అయిపోలేదు. వచ్చేది నగదుగా వస్తుంది. 401కెలో అయితే ముందే ఎంచుకున్న ఫండ్లలోకి దానంతట అది వెళ్లడం మామూలు, ఐఆర్ఏలో అలా ఏమీ జరగదు, మీరు లాగిన్ అయి కొనేవరకు అలాగే కూర్చుంటుంది. 2015లో రోల్‌ఓవర్ చేసినవాళ్లలో 28 శాతం మంది డబ్బు ఏడేళ్ల తర్వాత కూడా నగదులోనే ఉందని వాన్‌గార్డ్ తన సొంత ఖాతాదారుల లెక్కలే తీసి చెప్పింది. మీ 22,000 రాగానే మొత్తం మార్కెట్ ఇండెక్స్ ఫండ్ ఒకటి కొనేసి వదిలేయండి. మధ్యలో ఆ వారం పది రోజులు మార్కెట్ బయట ఉంటామే, పెరిగిపోతే ఎలా అని అడిగేవాళ్లకి నా దగ్గర జవాబు ఒకటే, పడిపోవచ్చు కూడా.

ఖాతా తెరిచిన రోజే బెనిఫిషియరీ పేరు కూడా పెట్టండి. 401కెలో చట్టప్రకారం భార్య లేదా భర్తకే హక్కు, వేరేవాళ్ల పేరు పెట్టాలంటే వాళ్ల సంతకం కావాలి. ఐఆర్ఏకి ఆ రక్షణ అలాగే రాదు, ఫారంలో ఎవరి పేరుంటే వాళ్లకి. అప్పులవాళ్ల నుంచి రక్షణ విషయంలో 401కె బలంగా ఉంటుంది, ఐఆర్ఏకి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది గానీ టెక్సస్‌లో మీకు దిగులు లేదు.

ఆన్యుటీ ఆయన గురించి. ఉగాది ఫంక్షన్‌లో టేబుల్ వేసుకుని, బర్త్‌డే పార్టీల్లో ప్లేటు పట్టుకుని పక్కన కూర్చుని, "మార్కెట్ పడినా మీ అసలు పడదు అన్నయ్యా, టాక్స్ కూడా లేదు" అని చెప్పేవాళ్లని మీరూ చూసే ఉంటారు. ఆయన చెప్పేది ఇండెక్స్‌డ్ ఆన్యుటీ (రాబడిని మార్కెట్ సూచీకి ముడిపెట్టే రకం) అయ్యుంటుంది. ఐఆర్ఏలో డబ్బుకి పన్ను వాయిదా ఎలాగూ ఉంది, దాని లోపల ఆన్యుటీ కొని మళ్లీ పన్ను వాయిదా అని చెప్పడం అమ్మిందే అమ్మడం. లాభానికి పైన మూత ఉంటుంది, డివిడెండ్లు సాధారణంగా లెక్కలోకి రావు, ఏడు నుంచి పదేళ్ల దాకా సరెండర్ చార్జీలు (మధ్యలో తీస్తే పడే కోత) ఉంటాయి, నాలుగేళ్లలో ఇండియా వెళ్లే మనిషికి ఇది ఎంతమాత్రం పనికిరాదు. మొహమాటం ఉంటే ఒక్క ప్రశ్న అడగండి, "దీని మీద మీకు కమిషన్ ఎంత వస్తుంది, మొదటి ఏడాదే తీసేస్తే నాకు ఎంత చేతికొస్తుంది, రెండూ మెయిల్‌లో రాసి పంపండి" అని. ఆ మెయిల్ రాదు.

ఇక ఇండియా. వెళ్లేటప్పుడు కంగారులో 401కె మొత్తం తీసేసి పట్టుకెళ్దామనుకునేవాళ్లు చాలామంది, వద్దు. దేశం మారినంత మాత్రాన ఆ 10 శాతం పెనాల్టీ పోదు. ఉంచుకోవచ్చు, అక్కడికెళ్లాక మీరు అమెరికా పన్నుల దృష్టిలో నాన్-రెసిడెంట్ అవుతారు, అది తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫారం ఇవ్వాలి, ఇవ్వకపోతే తీసినప్పుడు 30 శాతం పట్టుకుంటారు. ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలో 20వ ఆర్టికల్ ప్రకారం ప్రైవేటు పెన్షన్‌కి నివాస దేశంలోనే పన్ను, ఏకమొత్తంగా తీస్తే ఇది వర్తిస్తుందా అన్నది రెండు దేశాల పన్నులూ తెలిసిన సీపీఏతో తేల్చుకోవాల్సిన విషయం. అటు ఇండియాలో 2021 ఫైనాన్స్ చట్టం 89ఏ సెక్షన్ తెచ్చింది, 10-ఈఈ ఫారం గడువులోగా వేస్తే ఈ ఖాతాలో ఏటా పెరిగేదానికి కాకుండా తీసిన ఏడాదే పన్ను పడుతుంది, అమెరికాతో పాటు బ్రిటన్, కెనడా ఖాతాలకూ ఇది ఉంది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి, మీ ఆడిటర్‌ని "విదేశీ రిటైర్‌మెంట్ ఖాతా రిలీఫ్" అనే అడగండి. రాత్ మాత్రం ఈ నిర్వచనంలో సులభంగా ఇమడదు, ఎందుకంటే అది తీసేటప్పుడు అమెరికాలో పన్ను పడే ఖాతా కాదు. వెళ్లిన మొదటి రెండు మూడేళ్లు మీకు ఆర్ఎన్ఓఆర్ హోదా (విదేశీ ఆదాయానికి చాలావరకు ఇండియాలో పన్ను పడని దశ) దొరకొచ్చు, రాత్ విషయంలో ఏదైనా చేయాలనుకుంటే ఆ కిటికీలోనే ఆలోచించుకోవాలి. ఆ తర్వాత ఇండియా రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టిక) ఈ ఖాతాలన్నీ చూపించాలి, వదిలేస్తే పది లక్షల రూపాయల దాకా పెనాల్టీ ఉంది.

వెళ్లాక కొత్తగా ఐఆర్ఏ తెరవడం కష్టం, ఇండియా అడ్రస్ ఉంటే చాలా బ్రోకరేజీలు ఒప్పుకోవు, ఉన్న ఖాతాలోనూ కొనుగోళ్లకి ఆంక్షలు పెడతాయి. కాబట్టి తెరవాల్సినవి ఇక్కడుండగానే తెరవండి, ఓటీపీ వచ్చే అమెరికా నంబర్ పోకుండా చూసుకోండి. ఇంకోటి, ఎవరూ చెప్పరు గానీ, శాశ్వతంగా ఇండియాలో స్థిరపడ్డ, అమెరికా పౌరులు కానివాళ్లకి అమెరికా ఎస్టేట్ టాక్స్ (చనిపోయినవాళ్ల ఆస్తి మీద పడే పన్ను) మినహాయింపు 60,000 డాలర్లే, రెండు దేశాల మధ్య దీనికి ఒప్పందం లేదు. మీ బ్యాలెన్స్ పెరిగే కొద్దీ ఇది చిన్న విషయం కాదు, వెళ్లే ముందు ఒక గంట ఫీజు పెట్టి కనుక్కోదగ్గదే.

రోల్‌ఓవర్ అయిన మరుసటి జనవరిలో పాత ప్లాన్ల నుంచి 1099-ఆర్‌లు వస్తాయి, చూసి హడలిపోకండి, బాక్స్ 1లో మొత్తం అంకె ఉంటుంది. బాక్స్ 2ఏ సున్నా, బాక్స్ 7లో ప్రీ-టాక్స్ దానికి "జి", రాత్ ఐఆర్ఏకి వెళ్లిన రాత్ దానికి "హెచ్" కోడ్ ఉన్నాయా అన్నదే చూడాల్సింది. మీ అమెరికా రిటర్న్ ఫారం 1040లో 5ఏ లైన్‌లో మొత్తం, 5బీలో సున్నా, రోల్‌ఓవర్ అని గుర్తు. టాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫారం ఎక్కించగానే మీ రిఫండ్ ఒక్కసారిగా వేలల్లో పడిపోతే ఎక్కడో కోడ్ తప్పు కొట్టారన్నమాట, ఫైల్ చేయకుండా ఆగి సరిచూడండి. రాత్ ఐఆర్ఏలో డబ్బు చేరినట్టు చూపే 5498 ఫారం మాత్రం మే నెలలో గానీ రాదు, దాని కోసం ఫైలింగ్ ఆపక్కర్లేదు, వచ్చాక అదే ఫోల్డర్‌లో పెట్టేయండి.